లోపల మనిషి ఉన్నాడని తెలిసినా

జపాన్ రాకాసి సినిమాలను కొత్తగా చూసేవాళ్లు వేసే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ‘రబ్బరు తొడుగేసుకున్న మనిషని తెలిసిపోతూనే ఉంది కదా, దీని మీద ఇంత మోజేమిటి?’ ప్రశ్నలో తప్పేం లేదు. టోక్యోను తొక్కుకుంటూ పోయే గాడ్జిల్లా మోకాళ్ల దగ్గర రబ్బరు ముడతలు పడుతుంది. కూలే భవనాల్లో కొన్ని అట్టపెట్టెల్లా విడిపోతాయి. ట్యాంకులు తాడు కట్టి లాగిన బొమ్మల్లా కదులుతాయి. ఇవేవీ అభిమానికి తెలియనివి కావు. నిజానికి కొత్తవాళ్లకంటే అతనికే ఎక్కువ తెలుసు. ఏ సినిమాలో ఏ తొడుగు వాడారో, అందులో ఎవరు దూరారో, ఏ షాట్‌లో తీగలు బయటపడ్డాయో అడగకుండానే ఏకరువు పెడతాడు. మరి తెలిసినా చూస్తున్నాడా, తెలుసు కాబట్టే చూస్తున్నాడా?

తెలుగు ప్రేక్షకుల్లో చాలామందికి గాడ్జిల్లా హాలీవుడ్ మీదుగా వచ్చింది. మొదట 1998 నాటి రోలండ్ ఎమరిక్ సినిమా. ఆ తర్వాత 2014లో మొదలై, కాంగ్‌తో కలిసి తెలుగు డబ్బింగ్‌లోనూ పలకరిస్తున్న సిరీస్. వాటిలో మృగం కంప్యూటర్లో పుట్టింది. ఆ కళ్లతో 60ల నాటి జపాన్ సినిమా చూస్తే చవకబారు పనిగా అనిపించడం సహజం. కానీ టోహో స్టూడియో ఈ బాణీకి శ్రీకారం చుట్టినప్పుడు అది చవక వ్యవహారం కానే కాదు. 1954లో ఆ స్టూడియో నుంచి వచ్చిన రెండు భారీ చిత్రాల్లో ఒకటి కురొసావా ‘సెవెన్ సమురాయ్’, రెండోది ‘గాడ్జిల్లా’. రెంటిలోనూ ముఖ్య నటుడు తకాషి షిమురానే. గాడ్జిల్లా తొడుగులో దూరిన హరువో నకజిమా కూడా సమురాయ్ సినిమాలో బందిపోటు వేషంలో కాసేపు కనిపిస్తాడు.

ఆ మొదటి సినిమా గురించి కొంచెం వివరంగా చెప్పుకోక తప్పదు. అభిమానుల మధ్య ఎన్ని తగాదాలున్నా అందరూ తలవంచేది దాని ముందే.

1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పేల్చి చూసింది. పేలుడు అనుకున్నదానికి రెండున్నర రెట్లయింది. లెక్కకు 15 మెగాటన్నులు. ప్రమాద ప్రాంతమని ప్రకటించిన హద్దుకు బయట ట్యూనా చేపల వేటలో ఉన్న ‘దాయ్‌గో ఫుకుర్యూ మారు’ అనే జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. పడవలోని 23 మందీ రేడియేషన్ జబ్బు పడ్డారు. జపాన్ మార్కెట్లలో చేపలను రేడియేషన్ మీటర్లు పెట్టి పరీక్షించాల్సి వచ్చింది. జనం ట్యూనా కొనడం మానేశారు. పడవలో రేడియో ఆపరేటర్‌గా పనిచేసిన ఐకిచి కుబొయామా సెప్టెంబర్ 23న చనిపోయాడు. ఆరు వారాలు తిరక్కముందే, నవంబర్ 3న ‘గాడ్జిల్లా’ విడుదలైంది. మొదటి సన్నివేశం ఏమిటంటే, సముద్రంలో ఒక చిన్న ఓడ, డెక్ మీద సరదాగా కబుర్లాడుకుంటున్న నావికులు, ఉన్నట్టుండి కళ్లు చెదిరే వెలుగు, ఆ వెంటనే మంటలు. రేడియో ఆపరేటర్ ఆఖరి సందేశం పంపుతూనే మునిగిపోతాడు. ఇది దేని గురించో టికెట్ కొన్న ఏ ఒక్కరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు.

నిర్మాత తొమొయుకి తనాకా అప్పటికి ఇండోనేషియాతో కలిసి తీయాల్సిన ఒక సినిమా ఆగిపోయి, ఖాళీ అయిన ఆ స్థానంలో ఏదో ఒకటి నింపక తప్పని స్థితిలో ఉన్నాడు. విమానంలో తిరిగొస్తూ కింద సముద్రాన్ని చూస్తుంటే ఈ ఆలోచన తట్టిందంటారు. అమెరికాలో అంతకుముందే ఇలాంటి కథతో ఒక సినిమా ఆడింది, ‘కింగ్ కాంగ్’ మళ్లీ విడుదలై బాగా డబ్బు చేసింది. అంటే పుట్టుకలో వ్యాపార లెక్క ఉంది. దాన్ని మరో స్థాయికి తీసుకెళ్లింది దర్శకుడు ఇషిరో హోండా. సైన్యంలోకి మళ్లీ మళ్లీ పిలిపించుకుని ఏళ్ల తరబడి చైనాలో గడిపి, యుద్ధం ముగిశాక ఇంటికొస్తూ హిరోషిమా శిథిలాల మీదుగా ప్రయాణించిన మనిషి. అతను మృగాన్ని సాహసకథలోని శత్రువులా చూపించలేదు. ఒక విపత్తులా చూపించాడు. టోక్యో తగలబడిన తర్వాత సినిమా ఆస్పత్రికి వెళ్తుంది. నడవాల నిండా గాయపడినవాళ్లు. ఒక డాక్టర్ పసిపిల్ల ముందు రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెడితే అది టకటకా కొట్టుకుంటుంది. అంతకుముందు వీధిలో గోడకు ఆనుకుని పిల్లలను పొదివి పట్టుకున్న ఒక తల్లి, త్వరలోనే నాన్న దగ్గరికి వెళ్లిపోదామని వాళ్లను ఊరడిస్తుంది. ఆ నాన్న ఎక్కడికి పోయాడో 1954 నాటి ప్రేక్షకులకు తెలుసు. 1945 మార్చి 10 రాత్రి అమెరికా బాంబర్లు కురిపించిన నిప్పుకు టోక్యోలో దాదాపు లక్ష మంది చనిపోయారు. అప్పటికి తొమ్మిదేళ్లే గడిచాయి. గాడ్జిల్లా చర్మం మీది గరుకు గడ్డలు అణుబాంబు బాధితుల ఒంటి మీది మచ్చలను గుర్తుచేస్తాయని చాలామంది అంటారు. సినిమాలో అమెరికా పేరు మాత్రం ఎక్కడా వినబడదు.

జపాన్ విమర్శకుల్లో కొందరు దీన్ని దేశ దుఃఖంతో వ్యాపారమని తిట్టారు. జనం మాత్రం ఎగబడ్డారు. సుమారు 96 లక్షల టికెట్లు తెగాయి. 1956లో అమెరికాకు వెళ్లేసరికి రేమండ్ బర్ అనే నటుడిని విలేఖరి పాత్రలో చొప్పించి, చాలా భాగాలు కత్తిరించి కొత్త సినిమా చేశారు. రైల్లో ఒక అమ్మాయి ‘నాగసాకి నుంచి బతికి బయటపడ్డాను, ఇప్పుడిదొకటి’ అన్న అర్థంలో విసుక్కునే సన్నివేశం అందులో లేదు. చివర్లో షిమురా పాత్ర చేసే హెచ్చరిక కూడా లేదు. బయటి ప్రపంచం కొన్ని దశాబ్దాల పాటు గాడ్జిల్లాగా చూసింది ఈ కోతలు పడిన రూపాన్నే. హోండా తీసిన అసలు చిత్రం అమెరికా థియేటర్లలో విస్తృతంగా ఆడింది 2004లో, యాభయ్యేళ్లు నిండిన సందర్భంగా. అక్కడి పాత తరం అభిమానులు తాము చిన్నప్పుడు ఇష్టపడినది సగం సినిమానేనని అప్పుడు గ్రహించారు.

ఇక చేతిపని విషయానికొద్దాం. నిజమైన అభిమానికి నోరూరేది ఇక్కడే.

స్పెషల్ ఎఫెక్ట్స్ బాధ్యత ఎయిజి త్సుబురాయాది. యుద్ధకాలంలో పెర్ల్ హార్బర్ దాడిని నమూనా ఓడలతో తెర మీద పునఃసృష్టించి పేరు తెచ్చుకున్నవాడు. ఆ పేరే యుద్ధం తర్వాత అమెరికా నేతృత్వంలోని ఆక్రమణ ప్రభుత్వ హయాంలో అతని ఉద్యోగానికి ఎసరు పెట్టింది. ‘కింగ్ కాంగ్’ అంటే అతనికి ప్రాణం. గాడ్జిల్లాను కూడా అలాగే బొమ్మను వెంట్రుకవాసి కదుపుతూ ఒక్కో ఫ్రేము తీయాలనుకున్నాడు. అలా తీస్తే ఏడేళ్లు పడుతుందన్నాడట. చేతిలో ఉన్నది కొన్ని నెలలే. కాబట్టి మనిషికి తొడుగు వేసి, అతని చుట్టూ 25వ వంతు కొలతలో నగరాన్ని కట్టారు. ఏడేళ్లు దొరక్క తప్పనిసరై పట్టుకున్న పద్ధతి, పోనుపోను ఒక దేశపు కళగా స్థిరపడింది.

చిన్న నమూనాను పెద్ద భవనంలా నమ్మించడంలో అసలు కిటుకు కాలంతో ఆడుకోవడం. 50 మీటర్ల ఎత్తు నుంచి జారిన పెళ్ల నేలను తాకడానికి 3 సెకన్లు దాటుతుంది. 25వ వంతు కొలతలో ఆ ఎత్తు 2 మీటర్లే. అక్కడి నుంచి పడటానికి అర సెకను చిల్లర చాలు. మామూలుగా చిత్రీకరిస్తే భవనం టపీమని కూలిపోయి బండారం బయటపడుతుంది. అందుకని కెమెరాను వేగంగా నడిపి ఎక్కువ ఫ్రేములు తీసి, తెర మీద మామూలు వేగంతో వేస్తారు. అప్పుడు కూలడం నెమ్మదిస్తుంది, బరువు తెలుస్తుంది. ఎంత వేగం కావాలో కొలతకు వర్గమూలం చెబుతుంది. 25కు వర్గమూలం 5 కాబట్టి, లెక్క ప్రకారం సెకనుకు 24 ఫ్రేముల బదులు 120. అయితే వేగం పెరిగేకొద్దీ ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు తగ్గుతుంది. దాన్ని పూడ్చాలంటే లైట్లు పెంచాలి. లైట్లు పెంచితే వేడి పెరుగుతుంది. ఆ వేడంతా భరించాల్సింది రబ్బరు తొడుగులో ఉన్న మనిషి. ఆ కాలపు సినిమాల్లో గాడ్జిల్లా బరువుగా, అలసటగా నడుస్తుందంటే అందులో కొంత నటన, కొంత నిజం.

అన్నిటికీ ఈ లెక్క పనిచేయదు. నీటి బొట్టును 25వ వంతుకు కుదించలేం. నిప్పు నాలుకనూ కుదించలేం. అందుకే ఈ సినిమాల్లో సముద్రం ఎప్పుడూ కొంచెం మోసం చేస్తుంది. నురగ బుడగలు ఓడ కిటికీలంత కనబడతాయి. అభిమానులు ఎఫెక్ట్స్ దర్శకుల పనితనాన్ని బేరీజు వేసేటప్పుడు ముందు చూసేది నీళ్లనే. ఇంకోపక్క తెలివైన అడ్డదారులున్నాయి. మొదటి సినిమాలో గాడ్జిల్లా నోటి నుంచి చిమ్మే నిప్పులాంటి శ్వాసకు హై వోల్టేజ్ టవర్లు కాలి మెత్తబడి ఒరిగిపోయే దృశ్యం ఈనాటికీ అద్భుతంగా ఉంటుంది. ఆ టవర్లు మైనంతో చేసినవి. ఘోరమైన వేడికి వాటంతట అవే వంగాయి. నటించాల్సిన పని పదార్థానికే అప్పగించారన్నమాట.

ఆ సంవత్సరాల్లోనే మద్రాసు విజయా వాహినీ స్టూడియోలో మనవాళ్లూ ఇదే విద్యలో ఉన్నారు. 1957 నాటి ‘మాయాబజార్’ కోసం కళా దర్శకులు గోఖలే, కళాధర్ 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో 300కు పైగా బుల్లి ఇళ్లతో ద్వారకను నిలబెట్టారు. తేడా ఏమిటంటే, మన దగ్గర నమూనా నగరం పురాణ వైభవానికి పనికొచ్చింది. టోక్యోలో రెండు నెలలు కట్టి రెండు నిమిషాల్లో కూల్చడానికి పనికొచ్చింది. ద్వారకను చూసి మురిసిపోయిన తెలుగు ప్రేక్షకుడికి కైజు (ఇలాంటి రాకాసి మృగాలకు జపాన్‌లో వాడే మాట) అభిమాని సంబరం అర్థంకాకపోవడానికి కారణమేమీ లేదు.

తొడుగులోకి వెళ్దాం. మొదట చేసినది సుమారు 100 కిలోలు తూగింది. దాంతో కొన్ని అడుగులు వేయడమే గగనమైంది. తేలికపరచి రెండోది చేశారు, మొదటిదాన్ని నడుము దగ్గర కోసి కాళ్లు మాత్రమే కనబడే షాట్లకు వాడుకున్నారు. నకజిమా పని ఒప్పుకున్నాక ఉయెనో జంతుప్రదర్శనశాలకు వెళ్లి ఏనుగులు, ఎలుగుబంట్లు బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలి మీదికి ఎలా మారుస్తాయో గమనించాడు. గాడ్జిల్లా పాదం నేల మీద ఆనించే తీరులో ఆ పరిశీలన తెలుస్తుంది. 1954 నుంచి 1972 దాకా 12 సినిమాల్లో అతనే గాడ్జిల్లా. చాలా కాలం జపాన్‌లోనే సాధారణ ప్రేక్షకులకు అతని మొహం తెలియదు. పెద్ద వయసులో విదేశాల్లో జరిగే అభిమాన సమ్మేళనాలకు వెళ్లినప్పుడు ఆటోగ్రాఫ్ కోసం బారులు తీరిన జనాన్ని చూశాడు. 2017లో చనిపోయాడు.

గొంతు సంగతి వేరు. అకిరా ఇఫుకుబె దీనికి సంగీతకర్త. హొక్కైదోలో పెరిగి, అటవీ శాఖలో పనిచేస్తూ సొంతంగా సంగీతం నేర్చుకున్నాడు. రాక్షసి సినిమాకు పనిచేస్తే పేరు చెడుతుందని తోటివాళ్లు హెచ్చరించినా ఒప్పుకున్నాడు. జంతువుల అరుపులు రికార్డు చేసి చూశారు గానీ ఏదీ అతకలేదు. చివరికి డబుల్ బేస్ తీగను వదులు చేసి, పైన్ చెట్టు జిగురు రాసిన తోలు గ్లవుతో బరబరా లాగారు. ఆ శబ్దాన్ని వేగం తగ్గించి వినిపిస్తే వచ్చినదే ఆ అరుపు. దేశాలు, స్టూడియోలు మారినా ప్రతి గాడ్జిల్లా ఆ అరుపుకు దగ్గరగానే ఉండాలని చూస్తారు. లేకపోతే అభిమానులు ఊరుకోరు.

ఇంతకీ తెలియడానికీ ఇష్టపడటానికీ సంబంధమేమిటి? జపాన్ సంప్రదాయ బొమ్మలాట బున్రాకును చూస్తే కొంత తెలుస్తుంది. అందులో ఒక్కో బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. ముగ్గురూ వేదిక మీద ప్రేక్షకుల కళ్లెదుటే ఉంటారు. ప్రధాన కళాకారుడు చాలాసార్లు మొహం కూడా కప్పుకోడు. అయినా చూపు బొమ్మ మీదే నిలుస్తుంది, బొమ్మ ఏడిస్తే జనం ఏడుస్తారు. ఆడించేవాళ్లు కనబడటం అక్కడ లోపం కింద లెక్క కాదు. కైజు సినిమా అభిమాని చూపు కూడా ఈ రెండు మెట్ల మీదా ఒకేసారి ఉంటుంది. ఒకవైపు నగరం కూలుతోందన్న భయం, మరోవైపు ఆ నగరాన్ని ఎవరో కూర్చుని కిటికీ కిటికీకీ అద్దం పెట్టి కట్టారన్న ఎరుక. మొదటిది ఎంత పలచబడినా రెండోది నిలబెడుతుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ అరకొరగా ఉంటే చూడటానికి మిగిలేదేమీ ఉండదు. తొడుగు అరకొరగా ఉన్నా, లోపల ఒక మనిషి కష్టపడుతూనే ఉంటాడు. ఈ వాదనను అందరూ ఒప్పుకోరు. నాసిరకం పనికి ఇది అందమైన సాకు అనేవాళ్లున్నారు. 70ల నాటి కొన్ని సినిమాలు చూస్తే వాళ్ల మాటలోనూ నిజం ఉందనిపిస్తుంది.

ఎందుకంటే మధ్యలో పతనం ఉంది. 1955లోనే రెండో సినిమా వచ్చేసి గాడ్జిల్లాకు ఎదురుగా ఇంకో మృగాన్ని నిలబెట్టింది. అక్కడి నుంచి కథ విపత్తు నుంచి కుస్తీ వైపు మళ్లింది. 1961లో ‘మోత్రా’ వచ్చింది. ముగ్గురు పేరున్న సాహితీవేత్తలు రాసిన కథ. అణుపరీక్షలు జరిగిన దీవి నుంచి ఎత్తుకొచ్చిన బుల్లి అమ్మాయిలను వెతుక్కుంటూ వచ్చే, మాత్ అనే రాత్రి రెక్కపురుగు రూపంలోని దేవత. ‘ది పీనట్స్’ అనే కవల గాయనులు పాడిన పాటను జపాన్‌లో ఇప్పటికీ పాడుకుంటారు. 1962లో గాడ్జిల్లా కింగ్ కాంగ్‌తో తలపడినప్పుడు కోటికి పైగా జనం చూశారు. అంతకంటే పెద్ద వసూళ్ల వేడుక ఈ బాణీకి ఆ రోజుల్లో మళ్లీ దక్కలేదు.

దెబ్బ కొట్టింది టీవీ. జపాన్‌లో సినిమా టికెట్ల అమ్మకం 1958లో శిఖరానికి చేరి, అక్కడి నుంచి జారుడుబండ ఎక్కింది. 1966లో త్సుబురాయా సొంత సంస్థ టీవీ కోసం ‘అల్ట్రామాన్’ అనే మహాకాయ వీరుడి సిరీస్ తీసింది. వారానికో కొత్త రాకాసి, ఇంట్లోనే, ఉచితంగా. పక్క స్టూడియోలు కూడా ఊరుకోలేదు. డాయెయి 1965లోనే గామెరా అనే ఎగిరే తాబేలును దింపింది. టోహో లెక్కలు వేసుకుని పిల్లల వైపు తిరిగింది. 1969 నుంచి స్కూలు సెలవుల్లో ‘చాంపియన్ ఫెస్టివల్’ పేరుతో కార్టూన్లు, కొత్త గాడ్జిల్లా సినిమా, కుదించిన పాత సినిమాలు కలిపి ఒకే టికెట్‌కు చూపించడం మొదలుపెట్టింది. బడ్జెట్లు చిక్కిపోయాయి. పాత సినిమాల ముక్కలు కొత్త వాటిలో అతికించారు. 1971 నాటి ‘గాడ్జిల్లా వర్సెస్ హెదోరా’ ఒక్కటే ఆ కాలంలో తెగించిన సినిమా. యొక్కాయిచిలో ఫ్యాక్టరీ పొగకు ఆస్తమా, మినమాతాలో పాదరసం విషం అంటూ దేశం అట్టుడుకుతున్న సమయంలో బురద రాకాసిని కాలుష్యానికి రూపంగా తెచ్చారు. అందులో గాడ్జిల్లా తన శ్వాసనే రాకెట్‌లా వాడుకుని వెనక్కి ఎగురుతుంది. ఆ ఒక్క దృశ్యం మీద అభిమానులు యాభయ్యేళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు. 1975కు వచ్చేసరికి ప్రేక్షకుల సంఖ్య పది లక్షల లోపుకు పడిపోయింది. టోహో తొమ్మిదేళ్ల పాటు గాడ్జిల్లా కొట్టు కట్టేసింది.

ఆశ్చర్యం ఏమిటంటే, పెద్దవాళ్లు పక్కన పడేసిన ఆ పిల్లల సినిమాలే భవిష్యత్తును పెంచాయి. తర్వాతి కాలంలో ఈ బాణీ సినిమాలు తీసినవాళ్లనే చూడండి. షుసుకె కనెకో 1955లో పుట్టాడు. హిదెయాకి అన్నో 1960లో, తకాషి యమజాకి 1964లో, షింజి హిగుచి 1965లో. అందరూ టీవీలో అల్ట్రామాన్ చూస్తూనో, సెలవుల్లో థియేటర్ల చుట్టూ తిరుగుతూనో పెరిగినవాళ్లు. 1983లో కాలేజీ కుర్రాళ్ల బృందం ఒకటి ఒసాకాలో కాగితం, అట్టలతో ట్యాంకులూ ఇళ్లూ చేసి సొంతంగా అల్ట్రామాన్ సినిమా తీసింది. దర్శకుడు అన్నోనే, అల్ట్రామాన్ కూడా అన్నోనే. మొహానికి మాస్క్ లేదు. కళ్లజోడుతో ఉన్న కుర్రాడు ఇళ్ల మధ్య నిలబడి రాక్షసుడితో తలపడుతుంటే, మొదట నవ్వొస్తుంది. రెండు నిమిషాలు గడిచేసరికి నవ్వు పోయి ఉత్కంఠ వస్తుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో, బరువు ఎలా చూపించాలో ఆ కుర్రాళ్లకు అంత బాగా తెలుసు. అభిమానం అంటే కూర్చుని చూడటమే కాదు, విప్పి చూసి మళ్లీ బిగించడం అని నిరూపించిన సినిమా అది.

బొమ్మల రంగంలోనూ ఇదే జరిగింది. కంపెనీలు అమ్మే బొమ్మలు నచ్చని అభిమానులు 80ల్లో ఇళ్లలోనే రెజిన్‌తో పోత పోసి తమకు నచ్చిన రాకాసులను చేసుకున్నారు. ఆ ఒసాకా బృందానికి చెందిన దుకాణమే 80ల మధ్యలో ‘వండర్ ఫెస్టివల్’ అనే అమ్మకాల సంబరం మొదలుపెట్టింది. తర్వాత దాని పగ్గాలు కైయోదో అనే మోడల్ సంస్థకు వెళ్లాయి. అక్కడ ఒక చక్కటి ఏర్పాటు ఉంది. హక్కులున్న కంపెనీలు మామూలు అభిమానులకు ఆ ఒక్క రోజుకు, ఆ ఒక్క చోటుకు మాత్రమే అమ్ముకునే అనుమతి ఇస్తాయి. దొంగసరుకు అని పట్టుకుని కేసు పెట్టే బదులు ఒక రోజు తలుపు తెరిచి పెట్టారు. అలా చేయి తిరిగినవాళ్లు తర్వాత కంపెనీలకే శిల్పులయ్యారు.

1984లో గాడ్జిల్లాను మళ్లీ నిద్రలేపారు. 1989 సినిమాకు కథను పోటీ పెట్టి జనం నుంచి తీసుకున్నారు, గెలిచింది ఒక పళ్ల డాక్టరు. అయితే అభిమానులు తీసిన సినిమా ఎలా ఉంటుందో లోకానికి మొదట చూపించింది గాడ్జిల్లా కాదు, ఆ పాత తాబేలు గామెరా. 1995, 1996, 1999ల్లో కనెకో దర్శకత్వంలో, హిగుచి ఎఫెక్ట్స్‌తో మూడు సినిమాలు వచ్చాయి. డబ్బు తక్కువ. తొడుగు మనిషే, నమూనా ఇళ్లే. కానీ కెమెరా ఎప్పుడూ వీధిలో నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తులోనే ఉంది. కరెంటు తీగల సందుల్లోంచి, వంటింటి కిటికీలోంచి రాకాసి కనబడుతుంది. విరిగిన టోక్యో టవర్ మీద గూడు కట్టుకున్న పక్షిరాక్షసి, వెనక ఎర్రటి సాయంత్రం. తొడుగు పద్ధతిలో అంత అందమైన దృశ్యం దానికి ముందూ లేదు, వెనకా లేదు. మూడో సినిమా ఇంకో అడుగు వేసి, పిల్లల స్నేహితుడైన గామెరా పోరాటంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఒక అమ్మాయి కోపాన్ని కథ చేసింది. పాత సినిమాల్లో కూలిన ఇళ్ల లోపల ఎవరున్నారని చిన్నప్పుడు అడిగి సమాధానం దొరకని పిల్లవాడు మాత్రమే అలాంటి కథ ఆలోచించగలడు.

2016లో అన్నో, హిగుచి కలిసి ‘షిన్ గాడ్జిల్లా’ తీశారు. 2011 సునామీ, ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత వచ్చిన సినిమా. అందులో సగం పైగా మీటింగులే. మంత్రులు ఒక గది నుంచి ఇంకో గదికి మారుతూ, ఏ చట్టం కింద ఏ శాఖ స్పందించాలో తేల్చుకుంటూ ఉండగా మృగం ఒడ్డెక్కుతుంది. హోండా చేసినట్టే, దేశం పడుతున్న బాధను నేరుగా పేరు పెట్టకుండా మృగానికి తొడిగారు. జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం అవార్డుతో పాటు 800 కోట్ల యెన్‌లకు పైగా వసూళ్లు వచ్చాయి. గాడ్జిల్లా పూర్తిగా కంప్యూటర్ బొమ్మే. అయినా దాని కదలికలకు మోషన్ క్యాప్చర్ చేసింది, అంటే తన ఒంటి కదలికలను కంప్యూటర్ బొమ్మకు అరువిచ్చింది మాన్సాయి నొమురా. వందల ఏళ్ల చరిత్ర ఉన్న క్యోగెన్ హాస్య నాటక కళాకారుడు. సాంకేతికంగా తొడుగు అవసరం తీరిపోయాక కూడా, లోపల ఒక మనిషి ఉండాలని ఆ దర్శకులు పట్టుబట్టారన్నమాట.

2023 నవంబర్ 3న, అంటే మొదటి సినిమా పుట్టినరోజున, యమజాకి ‘గాడ్జిల్లా మైనస్ వన్’ వచ్చింది. యుద్ధం ముగిసీ ముగియని జపాన్, ప్రాణాలు అర్పించాల్సిన దాడి నుంచి తప్పించుకుని బతికిపోయానన్న సిగ్గుతో కుమిలే పైలట్. దాదాపు 35 మంది కళాకారులు 610 ఎఫెక్ట్స్ షాట్లు చేశారు. సినిమా ఖర్చు హాలీవుడ్ భారీ చిత్రాల ఖర్చులో చిన్న వాటాయే. 2024 మార్చిలో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది, గాడ్జిల్లా సినిమాల చరిత్రలో మొదటిది. యమజాకి బృందం చేతుల్లో గాడ్జిల్లా బొమ్మలు పట్టుకుని, మడమల కింద గాడ్జిల్లా గోళ్లున్న బూట్లు వేసుకుని వేదికెక్కింది. ఇందులో సముద్రం మోసం చేయదు. నీటి విషయంలో త్సుబురాయాను ఓడించిన సమస్యను కంప్యూటర్ తీర్చేసింది. అలాగని పాతకాలపు అభిమానులు దాన్ని పరాయిగా చూడలేదు. గింజా వీధిలో గాడ్జిల్లా నడకలో నకజిమా బరువు తెలుస్తోందని, ఇఫుకుబె సంగీతం ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలైందని సంతోషించారు.

జపాన్ ఇప్పుడు ఈ వారసత్వాన్ని పదిలపరుచుకుంటోంది. పాత నమూనాలు, తొడుగులు చెత్తకుప్పల పాలవుతున్నాయని అన్నో, హిగుచి ఏళ్ల తరబడి తిరిగి, 2012లో టోక్యోలో పెద్ద ప్రదర్శన పెట్టారు. 2020లో ఫుకుషిమా ప్రాంతంలోని సుకగావాలో, త్సుబురాయా సొంత ఊళ్లో, నమూనాలకు ఒక భాండాగారం తెరిచారు. ఆ ఊరి వీధుల్లో రాకాసుల విగ్రహాలు నిలబడి ఉంటాయి. టోక్యో షింజుకులో టోహో భవనం మీద గాడ్జిల్లా తల ఉంది. ఆ వార్డు 2015లో దాన్ని పర్యాటక రాయబారిగా నియమించింది కూడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 1954 సినిమాను జపాన్ మాటలతోనే చూడాలి, రేమండ్ బర్ ఉన్నది కాదు. తర్వాత 1964 నాటి ‘మోత్రా వర్సెస్ గాడ్జిల్లా’, 90ల గామెరా మూడూ, అప్పుడు ‘షిన్’, ‘మైనస్ వన్’. ఈ వరస మీద పెద్దగా గొడవలుండవు. గొడవంతా 1969 నాటి ‘ఆల్ మాన్‌స్టర్స్ అటాక్’ దగ్గరే. 70 నిమిషాల సినిమా, సగం పోరాటాలు పాత చిత్రాల నుంచి తెచ్చి అతికించినవే, చాలా జాబితాల్లో అట్టడుగున ఉంటుంది. కానీ దర్శకుడు హోండానే. కథానాయకుడు కవసాకి ఫ్యాక్టరీల మధ్య ఉండే ఇచిరో అనే చిన్న పిల్లవాడు. నాన్న రైల్వేలో, అమ్మ కూడా పనికి వెళ్తుంది. తాళం తీసుకుని ఒంటరిగా ఇంట్లోకి వచ్చి, దారిలో ఏడిపించే పిల్లలను తలుచుకుంటూ నిద్రపోతాడు, కలలో రాకాసుల దీవికి వెళ్తాడు. సినిమా ఎక్కడా ఆ దీవి నిజమని చెప్పదు. పిల్లవాడూ అనుకోడు. మొత్తం వరసలో ఒక గాడ్జిల్లా అభిమానిని కథలో పెట్టుకుని, అతను ఎందుకు చూస్తున్నాడో పట్టించుకున్న సినిమా ఇదొక్కటే. అతికించిన పోరాటాలకు పెట్టాల్సిన తిట్లు పెట్టుకోవచ్చు గానీ, దీన్ని మాత్రం వదిలేయకూడదు.